పెట్టెలోని ప్లేట్లను బట్టే ఫోనో స్టేజ్

ఫోనో స్టేజ్, అంటే రికార్డు ప్లేయరుకూ యాంప్లిఫయరుకూ మధ్య ఉండే పెట్టె, కొనాలనుకునే తెలుగువాళ్లు కంపెనీ పేరూ ధరా చూడకముందే తమ దగ్గరున్న రికార్డులను ఒకసారి నేల మీద పరిచి చూసుకోవాలి. యూఏఈలోని రాస్ అల్ ఖైమాలో ఉద్యోగం చేసుకుంటూ, సెలవుకు ఊరెళ్లి వచ్చేటప్పుడు ఆవకాయతో పాటు తాతగారి నాటి గ్రామఫోను ప్లేట్లు నాలుగు చీర మడతల్లో చుట్టి తెచ్చుకునే ఇంటికి ఈ మాట మరీ ముఖ్యం. ఖరీదైన ఫోనో స్టేజ్‌ల గురించి నడిచే చర్చంతా అమెరికా, యూరప్, జపాన్ శ్రోతల అలమరాలను దృష్టిలో పెట్టుకుని నడుస్తుంది. ఆ అలమరాల్లో ఉండేవి వేరు, గుంటూరు, రాజమండ్రి, వరంగల్ ఇళ్లలో మిగిలినవి వేరు.

రాస్ అల్ ఖైమా నుంచి దుబాయ్ కారులో గంట, గంటంబావు దూరం. అక్కడ అల్ కూజ్‌లోని అల్‌సెర్కల్ అవెన్యూలో ద ఫ్లిప్ సైడ్ లాంటి రికార్డు దుకాణం ఉంది. పెద్ద హైఫై షోరూములకూ కొదవ లేదు. వ్యాట్ 5 శాతమే కాబట్టి మంచి పరికరం కొనడానికి మన దేశం కన్నా అక్కడే వీలు ఎక్కువ. చిక్కు షోరూములో వినడంతో మొదలవుతుంది. వాళ్లు పెట్టేది కొత్తగా అచ్చైన, మచ్చ లేని, స్టీరియో ఎల్పీ. అలాంటి రికార్డుతో ఓ మోస్తరు ఫోనో స్టేజ్ కూడా బాగానే పాడుతుంది. ఖరీదైనది ఇంకాస్త బాగా పాడుతుంది. ఆ కాస్త తేడాకే మనసు పారేసుకుని డబ్బు కట్టేసి వచ్చాక, ఇంట్లో నిమిషానికి 78 చుట్లు తిరిగే ఘంటసాల ప్లేటు పెడితే ఆ పెట్టెకు ఏం చేయాలో తెలియదు. దాని మీద అందుకు తగ్గ మీట లేదు మరి.

అసలు ఆ పెట్టె చేసే పని ఏమిటి? మొదటిది, పెంచడం. ముల్లు కదలికను కరెంటు సంకేతంగా మార్చే కార్ట్రిడ్జ్‌లలో మూవింగ్ మ్యాగ్నెట్ రకం ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు. మూవింగ్ కాయిల్ రకం ఇంకా తక్కువ ఇస్తుంది. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం 1960ల మొదట్లో రూపొంది, నేటికీ అమ్ముడవుతున్న డెనాన్ డీఎల్-103 ఇచ్చేది 0.3 మిల్లీవోల్టు. మొదటిదాన్ని 100 రెట్లు, రెండోదాన్ని 1000 రెట్లు పెంచితే గానీ యాంప్లిఫయరుకు సరిపోదు.

రెండో పని ఇంకా ముఖ్యమైనది. రికార్డు మీద గాడి కోసేటప్పుడు బేస్‌ను తగ్గించి, ట్రెబుల్‌ను పెంచి కోస్తారు. బేస్ ఉన్నదున్నట్టు కోస్తే గాడి మరీ వంకర్లు పోయి పక్క గాడిని తాకుతుంది. ట్రెబుల్ పెంచకపోతే అది గాడి రొదలో కలిసిపోతుంది. వాయించేటప్పుడు ఫోనో స్టేజ్ ఈ లెక్కను తిరగేసి బేస్ పెంచాలి, ట్రెబుల్ తగ్గించాలి. ఎంతెంత అన్నదానికి అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం 1954లో ఒక కొలత ఖాయం చేసింది. దాన్నే ఆర్‌ఐఏఏ కర్వ్ అంటారు. దాని ప్రకారం 20 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్స్‌కు పైగా పెంచాలి, 20,000 హెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే తగ్గించాలి. ఈరోజు దుకాణంలో దొరికే దాదాపు ప్రతి ఫోనో స్టేజ్ ఈ ఒక్క కర్వ్ కోసమే తయారైంది.

తెలుగువాళ్ల పెట్టెలో చిక్కుముడి పడేది ఇక్కడే.

మన దేశంలో రికార్డుల చరిత్ర ఆర్‌ఐఏఏ కన్నా యాభై ఏళ్లకు కాస్త ఎక్కువగా పాతది. గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గొంతు రికార్డు చేసింది 1902లో. 1908లో సియాల్దాలో ప్లేట్లు అచ్చు వేయడం మొదలైంది. 1928లో డమ్‌డమ్ ఫ్యాక్టరీ వచ్చింది. మద్రాసులో పాడినా, బెజవాడలో అమ్మినా, హెచ్ఎంవీ కుక్క బొమ్మతో వచ్చిన ప్లేటు ఒత్తింది కలకత్తా పక్కనే. పాశ్చాత్య దేశాలు ఎల్పీలకు మారిపోయాక కూడా డమ్‌డమ్‌లో లక్కతో చేసిన 78 ప్లేట్లు 1960ల్లో చాలాకాలం ఒత్తుతూనే ఉన్నారు. మన దేశంలో వచ్చిన బీటిల్స్ 78 ప్లేట్ల కోసం ప్రపంచమంతటా రికార్డులు సేకరించేవాళ్లు ఈనాటికీ వెతుక్కుంటారు. అంటే, ఒక తెలుగు ఇంటి పెట్టెలో నలభై ఏళ్ల తేడా ఉన్న రికార్డులు పక్కపక్కనే ఉండవచ్చు. ద్వారం వెంకటస్వామినాయుడు ఫిడేలు ప్లేట్లు ఆర్‌ఐఏఏ పుట్టక ముందటి కాలానివి. 1957 నాటి 'మాయాబజార్' పాటలు కూడా 78 ప్లేట్ల మీదే ఇళ్లకు చేరాయి. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల కన్నుమూశాక విడుదలైన భగవద్గీత ఎల్పీ. 1980లో ఊరూవాడా మోగిన 'శంకరాభరణం' ఎల్పీ. వీటన్నిటికీ ఒకే అమరిక సరిపోతుందని అనుకోవడం పొరపాటు.

ఆర్‌ఐఏఏకి ముందు కంపెనీకో కర్వ్ ఉండేది. హెచ్ఎంవీ, కొలంబియా లేబుళ్లను నడిపిన ఈఎంఐ తన 78లలో ఎక్కువగా 250 హెర్ట్జ్ దిగువన మాత్రమే బేస్ తగ్గించి, ట్రెబుల్‌ను పెంచకుండా వదిలేసేది. అలాంటి ప్లేటును నేటి ఆర్‌ఐఏఏ పెట్టెలోంచి వింటే ఏమవుతుందో లెక్కే చెబుతుంది. 100 హెర్ట్జ్ దగ్గర బేస్ దాదాపు 5 డెసిబెల్స్ ఎక్కువై గొంతు బొంగురు పోతుంది. 5,000 హెర్ట్జ్ దగ్గర పాట 40 శాతానికి, 10,000 దగ్గర అయిదో వంతుకు పడిపోతుంది. తెలుగులో స, శ, ష, చ, జ అక్షరాల పదును ఉండేది సరిగ్గా ఆ పై భాగంలోనే. ఘంటసాల 'పుష్పవిలాపం' పద్యాలు వినేవాళ్లకు ఈ నష్టం బాగా తెలుస్తుంది. పద్యంలో యతిప్రాసలు, సంయుక్తాక్షరాల విరుపు చెవికి అందాలి. అవి మొద్దుబారితే రాగం మిగులుతుంది, పద్యం పోతుంది. ప్లేటు అరిగిందని, పాతబడిందని నిట్టూర్చి పక్కన పెట్టేస్తారు. చాలాసార్లు తప్పు ప్లేటుది కాదు, పెట్టెది.

పైగా ఏ ప్లేటు ఏ కర్వ్‌తో కోశారన్నది లేబుల్ మీద ఎప్పుడూ అచ్చు వేయలేదు. చెవితోనే పట్టుకోవాలి. అందుకు బేస్ పెంపు ఎక్కడ మొదలవ్వాలో, ట్రెబుల్ ఎంత తగ్గాలో విడివిడిగా మార్చుకునే మీటలు ఉండాలి. పాట పెట్టి, మీట ఒక్కో మెట్టు తిప్పుతూ పోతే ఒకచోట గాయకుడి నోరు తెరుచుకున్నట్టు అక్షరం స్పష్టంగా వినిపిస్తుంది. అక్కడ ఆగాలి. ఆ క్షణం కోసం డబ్బు పెట్టడంలో తప్పేమీ లేదు.

మోనో మీట సంగతి కూడా ఇంతే ముఖ్యం, ఈ మాట షోరూముల్లో ఎవరూ ఎత్తరు. 78లూ, మోనో ఎల్పీలూ ఈపీలూ అన్నిటిలో పాట గాడి పక్కలకు మాత్రమే ఊగుతుంది. స్టీరియో కార్ట్రిడ్జ్ పక్క ఊపుతో పాటు పైకీ కిందికీ ఊగే కదలికనూ పట్టుకుంటుంది. మోనో రికార్డులో ఆ నిలువు కదలికలో పాట ఉండదు. ఉండేది దుమ్ము, అరుగుదల, చిటపట. మోనో మీట వేయగానే ఎడమ కుడి సంకేతాలు కలిసి నిలువు కదలిక చాలావరకు రద్దయిపోతుంది. పాట మాత్రం చెక్కుచెదరదు. ఒక్క మీటతో, పైసా ఖర్చు లేకుండా, పాత ప్లేటు రొద ఇంతలా తగ్గించగలది ఇంకోటి లేదు. అయినా వేల డాలర్ల ఫోనో స్టేజ్‌లలో ఈ మీట లేనివి బోలెడు. తెలుగు రికార్డుల కోసం కొనేవాళ్లు మోనో మీట లేని పెట్టెను, అది ఎంత పేరున్నదైనా, పక్కన పెట్టేయాలి.

దీనికి ఎదురుగా ఇంకో పొరపాటు ప్రచారం కూడా ఉంది. డెక్కా కర్వ్, కొలంబియా కర్వ్ అని మీటలు పెట్టి, 1960లు, 70ల స్టీరియో ఎల్పీలకు కూడా అవి కావాలని కొందరు అమ్మకందార్లు చెబుతారు. స్టీరియో ఎల్పీలు మార్కెట్లోకి వచ్చింది 1958 ప్రాంతంలో. అప్పటికే పెద్ద కంపెనీలు ఆర్‌ఐఏఏకి మారిపోయాయి. 'శంకరాభరణం' ఎల్పీకి ఆర్‌ఐఏఏ చాలు, ఇంకేదీ అక్కర్లేదు. ఆ మీట తిప్పితే తేడా వినిపిస్తుంది, నిజమే. ఆ తేడా రికార్డింగ్ ఇంజనీరు ఉద్దేశించింది కాదు. పెట్టెలో స్టీరియో ఎల్పీలు మాత్రమే ఉన్న ఇంటివాళ్లు ఈ అదనపు కర్వ్‌ల కోసం ఒక్క దిర్హాము కూడా ఎక్కువ పెట్టనక్కర్లేదు.

మరి పెద్ద ధరలు దేనికి? అమెరికాలోని బౌల్డర్, స్విట్జర్లాండ్‌లోని సీహెచ్ ప్రెసిషన్, ఎఫ్ఎం అకౌస్టిక్స్ లాంటి కంపెనీల పెట్టెలు కారు ధర పలుకుతాయి. ఆ డబ్బులో కొంత అల్యూమినియం దిమ్మకూ పేరుకూ పోతుంది. నిజంగా పనికొచ్చే భాగం రొద తగ్గించడానికి, విద్యుత్ సరఫరాను శుభ్రంగా ఉంచడానికి పోతుంది. 0.3 మిల్లీవోల్టును 1000 రెట్లు పెంచేటప్పుడు పరికరంలో పుట్టే రొద కూడా పెరుగుతుంది కాబట్టి మూవింగ్ కాయిల్ వాడేవాళ్లకు ఈ ఖర్చు వినిపిస్తుంది. 5 మిల్లీవోల్టుల మూవింగ్ మ్యాగ్నెట్‌కు ఆ అవసరం చాలావరకు ఉండదు. ఇక ఆర్‌ఐఏఏ లెక్క కచ్చితంగా ఉండడం అన్నది ఒకప్పుడు ఖరీదైన పరికరాల గొప్ప. ఆ సర్క్యూట్ల లెక్కల్లో ఎక్కడ తప్పులు దొర్లుతున్నాయో స్టాన్లీ లిప్‌షిట్జ్ 1979లో రాసిన పరిశోధన వ్యాసంలో విడమరిచి చూపించాక, జాగ్రత్తగా డిజైన్ చేసినవాళ్లెవరైనా తక్కువ ధరలోనే ఆ కచ్చితత్వం ఇవ్వగలుగుతున్నారు.

డమ్‌డమ్ ప్లేట్ల విషయంలో ఇంకో మాట చెప్పుకోవాలి. బాగా ఒత్తిన, శుభ్రమైన ఎల్పీలోనే గాడి రొద పాటకు సుమారు 60 డెసిబెల్స్ దిగువన ఉంటుంది. పెళ్లిళ్లలో, హోటళ్లలో, పందిళ్లలో తిరిగి తిరిగి అరిగిన మన ప్లేట్లలో అది ఇంకా పైనే. పరికరం రొద 75 డెసిబెల్స్ దిగువన ఉంటే అది గాడి రొద కింద మునిగిపోతుంది. 90 డెసిబెల్స్ దిగువకు దింపడానికి పెట్టే డబ్బు ఈ రికార్డులతో వినిపించదు. అదే డబ్బు సరైన ముల్లుకూ, రికార్డులు కడిగే యంత్రానికీ పెడితే మొదటి రోజే వినిపిస్తుంది.

ముల్లు సంగతి ఎత్తాం కాబట్టి: ఎల్పీ ముల్లు మొన సుమారు 0.018 మిల్లీమీటర్లు. 78కి కావాల్సింది 0.076. ఎల్పీ ముల్లుతో 78 పెడితే అది గాడి అడుగున కూరుకుని దుమ్మంతా ఏరుకుంటూ పోతుంది, అప్పుడు ఏ కర్వ్ పెట్టినా లాభం లేదు. ఆడియో టెక్నికా వీఎం95 వరసలో 78 కోసం ఎస్పీ అనే ముల్లు వస్తుంది. ధర వంద డాలర్లలోపే. వేల డాలర్ల పెట్టె ముందు దీన్ని పట్టించుకోకపోవడం పెద్ద నష్టం. కడగడంలో ఒక హెచ్చరిక కూడా అవసరం. లక్క ప్లేట్లకు ఆల్కహాల్ కలిపిన ద్రావకం తగలకూడదు, లక్క కరిగిపోతుంది. ఎల్పీలకు అమ్మే క్లీనర్ సీసా మీద ఏం రాసుందో చూడకుండా తుడవకూడదు.

రాస్ అల్ ఖైమాకే సొంతమైన కొన్ని చిక్కులున్నాయి, అవి ఫోనో స్టేజ్ ఎంపికను నేరుగా తాకుతాయి. అక్కడ కరెంటు మన దేశంలోలాగే 50 హెర్ట్జ్. ఆర్‌ఐఏఏ కర్వ్ 50 హెర్ట్జ్‌ను 1,000 హెర్ట్జ్‌తో పోలిస్తే దాదాపు 17 డెసిబెల్స్, అంటే ఏడు రెట్లు పెంచుతుంది. పరికరంలోకి ఎక్కడి నుంచైనా కాస్త కరెంటు హమ్ చొరబడితే అది ఏడింతలై గుయ్‌మంటుంది. వేసవిలో ఏసీలు రేయింబవళ్లు తిరిగే ఫ్లాట్లలో కంప్రెసర్ ఆన్ అయినప్పుడల్లా స్పీకరులో టప్పుమనే శబ్దం రావడం మామూలే. కాబట్టి అక్కడివాళ్లు ఫోనో స్టేజ్ చూసేటప్పుడు విడిగా ఉండే పవర్ సప్లయి, గట్టి లోహపు పెట్టె, సరైన గ్రౌండ్ స్క్రూ ఉన్నాయో లేదో ముందు చూడాలి. ఇంటికి తెచ్చాక యాంప్లిఫయరు ట్రాన్స్‌ఫార్మరుకు వీలైనంత దూరంగా పెట్టాలి.

ఎండ గురించి చెప్పనక్కర్లేదు. జులైలో మూసిన కారులో వేడి అరవై డిగ్రీలు దాటుతుంది, వినైల్ ఆ వేడికే మెత్తబడుతుంది. దుబాయ్‌లో రికార్డు కొని, కారు సీటు మీద పెట్టి, దారిలో భోజనానికి ఆగితే ఆ రికార్డు వంగిపోయినట్టే. ఊరి నుంచి వచ్చిన రికార్డుల్లో ఇప్పటికే వంగినవి ఉంటాయి. వంగిన రికార్డు తిరిగేటప్పుడు చెవికి వినబడని లోతు కదలికలు పుట్టి స్పీకర్ కోన్ ముందుకూ వెనక్కూ ఊగిపోతుంది. దీన్ని ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ ఫోనో స్టేజ్‌లో ఉండి తీరాలి. శుద్ధ సంగీత ప్రియులు కొందరు ఫిల్టర్ అంటే ముఖం చిట్లిస్తారు. వాళ్ల రికార్డులు సమతలంగా ఉన్నాయి కాబోలు. మనవాటిలో చాలా అలా లేవు. ఇక రాస్ అల్ ఖైమాలో సున్నపురాయి క్వారీలూ, సిమెంటు ఫ్యాక్టరీలూ, ఎడారి గాలీ కలిసి ఇచ్చే దుమ్ము, ఏసీ గదుల పొడి గాలిలో పుట్టే స్టాటిక్ వల్ల రికార్డుకు అతుక్కుని కూర్చుంటుంది. వాయించే ముందు ప్రతిసారీ బ్రష్ వేయడం అక్కడ తప్పనిసరి.

ఇంతకీ ఏది కొనాలి? 78లూ మోనోలూ పెట్టెలో గణనీయంగా ఉన్నవాళ్లకు పార్క్స్ ఆడియో పఫిన్ లాంటి పరికరం మంచి బేరం. అయిదు వందల డాలర్ల చుట్టుపక్కల ధరకు వచ్చిన ఆ పెట్టెలో రకరకాల కర్వ్‌లు, మోనో, సబ్‌సోనిక్ ఫిల్టర్, చిటపటలు తగ్గించే సదుపాయం అన్నీ ఉన్నాయి. అది సంకేతాన్ని డిజిటల్‌గా మార్చి పని చేస్తుందని కొందరికి అభ్యంతరం. 1940ల లక్క ప్లేటు విషయంలో ఆ అభ్యంతరానికి బరువు లేదు. దానికి రెట్టింపు పెట్టగలిగితే ఐఫై ఐఫోనో 3 ఉంది. ఇంకా పైకి వెళ్తే ప్రోజెక్ట్ ఫోనో బాక్స్ ఆర్ఎస్2 మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్‌కు తగ్గట్టు లోడ్ మార్చుకోనిస్తుంది. డబ్బుకు వెనుకాడని వాళ్లకు జపాన్‌కు చెందిన జాండెన్ 120 అయిదు కర్వ్‌లు ఇస్తుంది. ఈ చివరి మూడూ ఎల్పీ కర్వ్‌లే ఎక్కువగా ఇస్తాయి కాబట్టి, పెట్టెలో 78లే ఎక్కువైతే ఎంత పై ధర పెట్టినా పఫిన్ లాంటి దానికి మించి ప్రయోజనం రాదు. రికార్డు ప్లేయరు కూడా 78 స్పీడులో తిరగగలదై ఉండాలి. ఆడియో టెక్నికా ఏటీ-ఎల్పీ120ఎక్స్ ఆ స్పీడు ఇస్తుంది, పేరున్న ఎన్నో ఖరీదైన ప్లేయర్లు ఇవ్వవు.

షోరూముకు వెళ్లేటప్పుడు మన రికార్డులు మనమే పట్టుకెళ్లాలి. ఒక 78, ఒక మోనో ఈపీ, ఒక స్టీరియో ఎల్పీ చాలు. అవి పెట్టి వినిపించడానికి ఇష్టపడని దుకాణం నుంచి బయటికి వచ్చేయడమే మంచిది.

ఇదంతా ఒక ఇంటి సరదాగా మిగిలిపోవడం బాధాకరం. లక్క ప్లేటు చేయి జారితే ముక్కలవుతుంది. హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లోనూ, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీదా వచ్చి పడే పాత ప్లేట్లు ఏటేటా తగ్గుతున్నాయి. రేడియో లలిత గీతాలు, నాటక పద్యాలు, హరికథలు ఉన్న ప్లేట్లలో చాలా వాటిని ఏ కంపెనీ మళ్లీ విడుదల చేయలేదు. యూఏఈలోని తెలుగు సంఘాలు ఉగాదికీ సంక్రాంతికీ లక్షల రూపాయల విలువ చేసే సభలు పెడతాయి. అందులో ఒక చిన్న భాగంతో 78 తిరిగే ప్లేయరు, 78 ముల్లు, కర్వ్‌లు మార్చుకునే ఫోనో స్టేజ్, కడిగే యంత్రం, ఒక ల్యాప్‌టాప్ కొని రాస్ అల్ ఖైమాలోనో షార్జాలోనో ఒకచోట ఉంచితే, ఏ ఇంట్లో ప్లేట్లున్నా అక్కడికి తెచ్చి నకలు తీయించుకోవచ్చు. పని పద్ధతి కూడా కష్టమేమీ కాదు. ముందు కర్వ్ ఏదీ లేకుండా ఉన్నదున్నట్టు ఒకసారి రికార్డు చేసి దాచాలి. తర్వాత ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కర్వ్ మార్చి వినాలి. రేపు ఎవరైనా ఇంకా మంచి చెవితో వచ్చి వేరే కర్వ్ సరైనదంటే అసలు నకలు చెక్కుచెదరకుండా ఉంటుంది. ఫైలుతో పాటు లేబుల్ ఫోటో, లేబుల్ మీది కేటలాగ్ నంబరు, పాట అయిపోయాక మిగిలే నున్నని భాగంలో గీసిన మ్యాట్రిక్స్ నంబరు కూడా రాసి పెట్టాలి. ఒకే పాట రెండుసార్లు రికార్డయినప్పుడు ఏ ప్లేటు ఏదో పోల్చుకోవడానికి ఆ గీసిన నంబరు ఒక్కటే ఆధారం.